మెన్సా (యూనివర్సిటీ క్యాంటీన్) భోజనమా, రూమ్ వంటా? జర్మనీలో చదువుకునేవాళ్లకు ఏది మేలు

స్టుట్‌గార్ట్‌కి మాస్టర్స్ కోసం వచ్చిన మొదటి నెలంతా రూమ్‌లోనే వండుకున్నాను. మనవాళ్లలో చాలామంది చేసేది ఇదే. సూట్‌కేసులో కుక్కర్, కందిపొడి, అమ్మ పెట్టిన ఆవకాయ ఉండగా బయట తినడం దేనికనిపిస్తుంది. పైగా వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి చేతికొచ్చేది 992 యూరోలు. అద్దె, ఇన్సూరెన్స్ పోగా మిగిలినదాంట్లోనే తిండి.

డబ్బు ఒక్కటే చూస్తే రూమ్ వంటదే పైచేయి. ఇండియన్ షాపులో బియ్యం మూట తెచ్చుకుంటే వారాల తరబడి చూసుకోనక్కర్లేదు. పచ్చిమిర్చి, కొత్తిమీర, ఎర్రపప్పు టర్కీవాళ్ల కొట్లో దొరుకుతాయి. పెరుగు కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద 'నాటూర్‌యోగుర్ట్', అంటే మామూలు పెరుగు, అని ఉందో లేదో చూసుకోండి. తెల్లగా ఉంది కదా అని క్వార్క్ అనే మెత్తటి చీజ్ తెచ్చుకుంటే అన్నంలో కలవదు, ముద్దగా ఉండిపోతుంది.

కానీ రోజూ రెండు పూటలా వంటంటే టైమ్ ఎంత పోతుందో పరీక్షల ముందు తెలిసొచ్చింది. ఉమ్మడి వంటగదిలో పొయ్యి ఖాళీ అయ్యేదాకా ఆగాలి. పోపు వేసిన ప్రతిసారీ స్మోక్ అలారం మోగుతుందేమోనని టెన్షన్. అంతకన్నా నన్ను బాధపెట్టింది వేరే ఉంది. క్లాస్ అవగానే అందరూ కలిసి మెన్సాకి వెళ్తుంటే, నేనొక్కదాన్నే రూమ్ దారి పట్టేదాన్ని.

మెన్సాని విద్యార్థుల సంక్షేమ సంస్థ నడుపుతుంది కాబట్టి స్టూడెంట్ కార్డు ఉంటే బయటివాళ్లకన్నా తక్కువ ధర. చాలా ప్లేట్లు మూడు నుంచి ఐదు యూరోల్లో వస్తాయి. ఏ వంటకంలో పంది మాంసం ఉందో, ఏది బీఫో, ఏది శాకాహారమో మెనూలో గుర్తులుంటాయి. ఉప్పు, కారం మన నాలుకకి చాలవు, అది నిజం.

ఒకరోజు అక్కడ 'లిన్జెన్ మిట్ ష్పెట్స్‌లె' పెట్టారు. ఇది ఈ ష్వాబియా ప్రాంతం వంట. గోధుమరంగు పప్పు పలుకుల్ని చిక్కగా ఉడికించి, వెనిగర్ కలిపి, గుడ్డు వేసి చేసిన పొట్టి నూడుల్స్ పక్కన పెడతారు. పైన సాసేజ్ వేస్తారు, నేను వద్దన్నాను. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే చింతపండు పప్పే గుర్తొచ్చింది. పులుపు అదే, పోపు మాత్రం లేదు. ఎదురుగా కూర్చున్న క్లాస్‌మేట్ వెనిగర్ సీసా నా వైపు జరిపి, ఇంకాస్త పోసుకో, మా అమ్మమ్మ ఇలాగే తింటుంది అంది. నాకు వచ్చిన జర్మన్‌లో సగం ఆ టేబుల్ దగ్గర నేర్చుకున్నదే.

రొట్టెలో మాంసం పెట్టి ఇచ్చే డోనర్ కెబాబ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆలస్యమైన రాత్రి కడుపు నిండుతుంది, కానీ మెన్సా ప్లేటుకన్నా ఖరీదు. బీఫ్ తిననివాళ్లు చికెన్‌దేనా అని అడిగి కొనాలి.

నా మాటేమిటంటే, మొదటి సెమిస్టర్‌లో వారంలో కనీసం నాలుగు మధ్యాహ్నాలు మెన్సాలో తినండి, రాత్రికి అన్నం వండుకోండి. ఇక్కడివాళ్లలో చాలామందికి మధ్యాహ్నమే వేడి భోజనం. రాత్రికి అబెండ్‌బ్రోట్, అంటే రొట్టె, వెన్న, చీజ్. వాళ్లతో కలిసి తినాలంటే మధ్యాహ్నమే వీలు. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. గుడ్డు, జెలటిన్ కూడా ముట్టని శాకాహారులకు మాత్రం రూమ్ వంటే నిశ్చింత. అలాంటివాళ్లు కూడా డబ్బా కట్టుకుని ఆ టేబుల్ దగ్గరికే రావాలని నా కోరిక.

మొన్న ఆదివారం ఆ క్లాస్‌మేట్‌ని భోజనానికి పిలిచాను. రెండోసారి పప్పు వేసుకుంటూ, ఇందులో ఏ వెనిగర్ వేశావని అడిగింది. డబ్బాలోంచి చింతపండు రెబ్బ తీసి తన అరచేతిలో పెట్టాను.