అరిగిన మోకాలా, వాతం పట్టిన మోకాలా: ఆపరేషన్ ఎవరికి మేలు?

“మా అత్తయ్యకు కీళ్లవాతం. మోకాలి చిప్ప మార్పిస్తే పనిచేస్తుందా?” ఈమధ్య ఎవరు పలకరించినా ఇదే ప్రశ్న. మా ఇంట్లో రెండు రకాలూ చూశాం. అమ్మకు గుజ్జు అరిగింది, పిన్నికి రుమటాయిడ్, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే కీళ్లమీద దాడిచేసే కీళ్లవాతం.

సాఫీగా జరిగింది అమ్మదే. అరుగుదలలో చెడిన కీలు మార్చేస్తే గొడవ చాలావరకు తీరిపోతుంది. ఒకవైపే అరిగితే సగం కీలు మార్చినా సరిపోవచ్చు. రుమటాయిడ్‌లో కీలు లోపలి పొరంతా వాస్తుంది కాబట్టి సగంతో పని జరగదు. ఇన్ఫెక్షన్ ముప్పూ ఎక్కువే.

తృప్తి సంగతికొస్తే లెక్క తిరగబడింది. మోకాలు మార్పించుకున్నవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరు పెదవి విరుస్తారని సర్వేలు చెబుతున్నాయి. మా అమ్మ ఆ ఒక్కరే: “పీట మీద కూర్చోలేకపోతున్నా” అని ఇప్పటికీ సణుగుడే. పిన్నికి మాత్రం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బాత్రూంకి వెళ్లడమే పండగ. ఏళ్లతరబడి జబ్బుతో నలిగినవాళ్లే ఎక్కువ తృప్తిగా ఉన్నారని స్వీడన్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలోనూ తేలింది.

నన్నడిగితే వాతం ఉన్నవాళ్లకు అసలు పరీక్ష మందుల దగ్గరే. ఆసుపత్రిలో “అన్ని మందులూ ఆపేయండి” అన్నారు, పిన్ని ఆపేసింది. ఆపరేషన్ అయిన రెండో రోజుకి మోకాలు చక్కగా వంగుతోంది, వేళ్లు మాత్రం వాచి వాకర్ పట్టుకోలేకపోయింది! చివరికి ఫిజియోథెరపిస్ట్ మోచేతులు ఆనించుకునే వాకర్ తెచ్చి నడిపించారు. తర్వాత తెలిసిందేమిటంటే, వాతానికి వాడే మెథోట్రెక్సేట్ మాత్ర మామూలుగా ఆపనక్కర్లేదట. రోజూ వేసుకునే స్టెరాయిడ్ అస్సలు ఉన్నపళంగా మానకూడదు. రక్షణ వ్యవస్థ దూకుడు తగ్గించే బయోలాజిక్ ఇంజెక్షన్లకైతే వచ్చే డోసు ఆపి, అది పడాల్సిన రోజుల్లో ఆపరేషన్ పెట్టుకుంటారు. ఇవన్నీ రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్), సర్జన్ మాట్లాడుకుని తేల్చాల్సినవి, మనం ఊహించుకునేవి కావు. చాలాకాలంగా రుమటాయిడ్ ఉంటే మెడ ఎక్స్‌రే కూడా అడగండి. మెడ ఎముకలు వదులైతే మత్తు ఇచ్చేటప్పుడు ఇబ్బంది.

ఇక మిగతా వాతాలు. సోరియాసిస్ చర్మవ్యాధితో వచ్చే వాతమైతే కోత పెట్టేచోట చర్మం బాగుండాలి. వెన్నెముక బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్‌లో ఎక్కువగా మార్చేది తుంటినే. యూరిక్ యాసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే గౌట్‌కైతే ముందు ఆ యాసిడ్ అదుపులోకి రావాలి.

వచ్చే నెల పిన్ని రెండో మోకాలు. ఈసారి రుమటాలజిస్ట్ సరే అన్నాకే తేదీ పెట్టించాం.