క్షార యానకంలో రెడాక్స్ తుల్యం: విజయనగరంలో దొరికే ఒక స్పైరల్ నోట్సుపై సమీక్ష

విజయనగరంలో గంటస్తంభం పరిసరాల్లోని జెరాక్స్ దుకాణాల్లో ఇంటర్ మొదటి సంవత్సరం రసాయనశాస్త్రానికి తెలుగు మాధ్యమపు స్పైరల్ నోట్సులు చాలానే వేలాడుతూ కనిపిస్తాయి. వాటిలో పలుచనిది ఒకటి పూర్తిగా రెడాక్స్ సమీకరణాల (ఒక పదార్థం నుంచి మరొకదానికి ఎలక్ట్రాన్లు మారే చర్యల) తుల్యం, అంటే రెండు వైపులా పరమాణువులు, ఆవేశాలు సమానం చేయడం గురించే, అందులోనూ సగానికి పైగా క్షార యానకం (హైడ్రాక్సైడ్ అయాన్లు ఎక్కువగా ఉన్న ద్రావణం) గురించే రాసినది. అట్ట మీద రాసినవారి పేరు లేదు, ధర 60 రూపాయలు. సందేహాలతో నా దగ్గరికి వచ్చే పిల్లల చేతుల్లో తరచుగా చూస్తున్నందువల్ల నేనూ ఒకటి కొని, అందులోని లెక్కలన్నీ కాగితం మీద చేసి చూశాను. పాఠం చాలా బాగుంది. అమ్ముతున్న జెరాక్స్ ప్రతి మాత్రం సరిగా లేదు. వేరే పాఠమైతే ఆ రెండో సంగతిని పట్టించుకోకుండా వదిలేయవచ్చునేమో గాని, ఈ పాఠంలో అది కుదరదు.

గైడ్లలో సాధారణంగా ఒక సూత్రం ఉంటుంది: ఆక్సిజన్ ఎక్కువగా ఉన్న వైపు, ఎక్కువైన ఒక్కో ఆక్సిజన్‌కు ఒక నీటి అణువును, ఎదుటి వైపు రెండు హైడ్రాక్సైడ్ అయాన్లను చేర్చాలి. సూత్రంలో తప్పేమీ లేదు. అయితే అది ఎందుకు పనిచేస్తుందో చెప్పకపోవడం వల్ల, పరీక్ష హాలులో ఏది ఏ వైపు వేయాలో పిల్లలు తారుమారు చేసేస్తారు. ఈ నోట్సు రాసినవారు ఆ దారి పట్టలేదు. అర్ధ చర్యలను (ఎలక్ట్రాన్లు పోయే భాగాన్ని, చేరే భాగాన్ని విడివిడిగా రాసినవాటిని) మొదట ఆమ్ల యానకంలో జరుగుతున్నట్టే నీటితోను, హైడ్రోజన్ అయాన్లతోను తుల్యం చేయించి, ఎన్ని హైడ్రోజన్ అయాన్లు మిగిలాయో అన్ని హైడ్రాక్సైడ్ అయాన్లను రెండు వైపులా కలిపించి, అవి రెండూ చేరిన చోట నీరుగా రాయించి, ఉభయ పక్షాల్లోనూ ఉన్న నీటిని కొట్టివేయిస్తారు. ఒక అడుగు ఎక్కువే గాని, కంఠస్థం చేయవలసింది దాదాపు ఏమీ ఉండదు. హైడ్రాక్సైడ్‌ను ఒక్క వైపే కలిపితే విద్యుదావేశాల లెక్క చెడుతుందని కూడా అక్కడికక్కడే చూపించారు.

మొదటి ఉదాహరణ పర్మాంగనేట్‌కు, బ్రోమైడ్‌కు మధ్య జరిగే చర్య. మాంగనీస్ ఆక్సీకరణ సంఖ్య (ఎలక్ట్రాన్ల లాభనష్టాలను చూపే సంఖ్య) +7 నుంచి +4కు దిగి మాంగనీస్ డయాక్సైడ్ ఏర్పడుతుంది, అంటే మూడు ఎలక్ట్రాన్లు చేరతాయి. బ్రోమిన్ -1 నుంచి +5కు ఎక్కి బ్రోమేట్ అవుతుంది, అంటే ఆరు ఎలక్ట్రాన్లు పోతాయి. కాబట్టి మొదటి అర్ధ చర్యను రెండుతో గుణించి రెండిటినీ కూడితే, ఎడమ వైపు రెండు హైడ్రోజన్ అయాన్లు, కుడి వైపు ఒక నీటి అణువు మిగులుతాయి. రెండు వైపులా రెండేసి హైడ్రాక్సైడ్లు కలిపి నీటిని సర్దిన తరువాత, రెండు పర్మాంగనేట్లు, ఒక బ్రోమైడ్, ఒక నీటి అణువు కలిసి రెండు మాంగనీస్ డయాక్సైడ్లు, ఒక బ్రోమేట్, రెండు హైడ్రాక్సైడ్లు ఇస్తాయని తేలుతుంది. ఇంతటితో ఆపకుండా, ప్రతి లెక్క కింద ఆవేశాల మొత్తాన్ని విడిగా రాయించడం ఈ నోట్సులో నాకు అన్నిటికన్నా నచ్చిన అంశం: ఇక్కడ ఎడమన -3, కుడిన కూడా -3. పరమాణువులు సరిపోయి ఆవేశం సరిపోకపోతే లెక్క తప్పినట్టేనని ప్రతి పేజీలోనూ గుర్తు చేస్తారు.

ఇంత శ్రద్ధగా ఆవేశం గురించి చెప్పిన నోట్సులో ఆ ఆవేశపు గుర్తులే సరిగా కనిపించవు. దుకాణంలో అమ్ముతున్నది జెరాక్స్‌కు తీసిన జెరాక్స్. ఫార్ములాల పైన చిన్నగా ఉండవలసిన రుణ గుర్తులు చాలా చోట్ల మాసిపోయాయి. దీనివల్ల వచ్చే నష్టం సల్ఫైట్ లెక్కలో బయటపడుతుంది. గాఢ క్షారంలో రెండు పర్మాంగనేట్లు, ఒక సల్ఫైట్, రెండు హైడ్రాక్సైడ్లు కలిసి రెండు మాంగనేట్లు, ఒక సల్ఫేట్, ఒక నీటి అణువు ఇస్తాయి. పర్మాంగనేట్‌లోనూ మాంగనేట్‌లోనూ ఒక మాంగనీస్, నాలుగు ఆక్సిజన్లే ఉంటాయి. తేడా అంతా ఆవేశంలోనే, మొదటిదానికి -1, రెండవదానికి -2. పైన గుర్తు చెరిగిపోతే రెండూ ఒక్కటే అయిపోతాయి. నా ప్రతిని చూసిన ఒక అమ్మాయి, మాంగనీస్‌లో మార్పే లేనప్పుడు ఇది రెడాక్స్ చర్య ఎలా అయిందని అడిగింది. ఆ పేజీని బట్టి చూస్తే ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

ఆ లెక్క దగ్గరే ఇంకొక లోటు కూడా ఉంది. బ్రోమైడ్‌తో మాంగనీస్ డయాక్సైడ్ వచ్చినప్పుడు సల్ఫైట్‌తో మాంగనేట్ ఎందుకు వచ్చిందో రాయలేదు. క్షార గాఢత పెరిగితే మాంగనేట్ నిలుస్తుందని, ఊదా రంగు ద్రావణం ఆకుపచ్చగా మారుతుందని, గాఢత తగ్గితే మాంగనీస్ డయాక్సైడ్ గోధుమరంగు అవక్షేపంగా పడుతుందని రెండు వాక్యాలు రాసి ఉంటే సరిపోయేది. గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీస్ గనులున్న జిల్లా పిల్లలకు ఆ మాట మరీ చెప్పాలి. పైరోలుసైట్ అనే ఖనిజం మాంగనీస్ డయాక్సైడే. దాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో గాలిలో కరిగించినప్పుడు ముందుగా ఏర్పడేది ఈ ఆకుపచ్చని మాంగనేటే, పర్మాంగనేట్‌ను దాని నుంచే తయారు చేస్తారు.

ఒకే మూలకం కొంత ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని, కొంత చేర్చుకునే అననుపాత చర్యలకు రెండే పేజీలిచ్చినా బాగానే రాశారు. తెల్ల భాస్వరం క్షారంలో ఫాస్ఫీన్‌గాను, హైపోఫాస్ఫైట్‌గాను విడిపోయే చర్యలో ఒకే పదార్థాన్ని రెండు అర్ధ చర్యల్లోనూ రాయడానికి పిల్లలు జంకుతారు. ఆ జంకును పోగొట్టే విధంగా వివరణ ఉంది. చివరి అభ్యాసాల్లో జవాబులు మాత్రమే ఇచ్చి మెట్లు ఇవ్వకపోవడం తొలిసారి చదివేవారికి ఇబ్బందే.

మాసిన పేజీలు చూపించినప్పుడు దుకాణదారు విసుక్కోలేదు. "ఒరిజినల్ ఉంది మాస్టారూ, కాసేపు కూర్చుంటే దాని నుంచే తీసి ఇస్తాను" అని చెప్పి, అదనంగా ఏమీ తీసుకోకుండా ఆ పేజీలు మార్చి ఇచ్చారు. కొత్త పేజీల్లో గుర్తులన్నీ స్పష్టంగా ఉన్నాయి. కాబట్టి కొనదలచినవారు వేలాడుతున్న ప్రతిని తీసుకోకుండా, ఒరిజినల్ నుంచి తీసిన ప్రతినే అడిగి, సల్ఫైట్ లెక్క ఉన్న పేజీని అక్కడే తిప్పి చూసుకుని డబ్బులివ్వడం మంచిది. ఆక్సీకరణ సంఖ్యలు లెక్కకట్టడం ఇంకా రానివారికి ఈ నోట్సు పనికిరాదు. అది వచ్చి, క్షార యానకం దగ్గరే తడబడేవారికి 60 రూపాయలు ఎక్కువేమీ కాదు.