అంబాసిడర్ ఏసీ పంపు కింద ఉండే చిన్న లివర్: పదకొండేళ్లు వాడాక నా మాట

అంబాసిడర్ సీట్ల గురించి, డిక్కీ గురించి, మైలేజీ గురించి కొత్తగా చెప్పడానికేమీ లేదు. నేను రాస్తున్నది ఇంజిన్ పక్కన, పొగ బయటికి పోయే గొట్టాల (మ్యానిఫోల్డ్) వేడి తగిలేంత దగ్గర్లో ఉండే పెట్రోల్ పంపు గురించి. అందులోనూ దాని కింద వేలెడంత ఉండే ఇనుప లివర్ గురించి. షెడ్డుల్లో ఈ పంపును ఏసీ పంపు అంటారు. ఏసీ అంటే చల్లగాలి ఏసీ కాదు, పంపు కంపెనీ పేరు. మాది 1984 మోడల్ మార్క్ 4, పెట్రోల్ బండి. నాయన కొన్నది. 2014లో, అంటే బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిన ఏడాదే, నా చేతికొచ్చింది. అప్పటి నుంచి చిత్తూరులో నేనే నడుపుతున్నాను.

ఇంజిన్ తిరిగేటప్పుడు మిట్టలున్న కడ్డీ, అదే క్యామ్‌షాఫ్ట్, పంపు చేతిని తోస్తుంది. లోపలి రబ్బరు పొర, అదే డయాఫ్రమ్, కిందికి దిగి ట్యాంకులోంచి పెట్రోల్ లాగుతుంది, స్ప్రింగు దాన్ని తిరిగి పైకి నెట్టి, పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బ్యురేటర్‌కు పంపుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఇదే పని మన వేలితో చేయడానికి ఆ లివర్ పెట్టారు. అంతే. ఆ చిన్న ముక్క మీద నాకున్న ఇష్టం ఇంకే భాగం మీదా లేదు.

పదిహేను రోజులు బండి తీయకపోతే కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె, అంటే ఫ్లోట్ బౌల్‌లో పెట్రోల్ ఆవిరైపోతుంది. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ దింపుకోనక్కర్లేదు. బానెట్ లేపి, చెయ్యి లోపలికి పోనిచ్చి, లివర్ నొక్కుతూ పోవాలి. మొదట వేలికి బరువు తెలుస్తుంది. పదిహేనో ఇరవయ్యో నొక్కులకు బౌల్ నిండి, లోపల పెట్రోల్ దారికి అడ్డుపడే సూది మూసుకోగానే ఆ బరువు పోయి లివర్ వదులైపోతుంది. ఇక చాలని బండే చెప్పినట్టు ఉంటుంది. తర్వాత ఒక్క సెల్ఫ్‌కే ఇంజిన్ అందుకుంటుంది. "ఆవు పొదుగు మాదిరి మెల్లగా నొక్కాలరా, పీకకూడదు" అనేవాడు నాయన. ఇప్పటికీ నొక్కేటప్పుడు ఆయన మాటే చెవిలో ఉంటుంది.

అయితే ఈ లివర్ విలువ నాకు పూర్తిగా తెలిసింది మొగిలి ఘాట్‌లో. 2023 జూన్ మొదటి వారం. పలమనేరులో బంధువుల ఇంట్లో నామకరణం. వెనక సీట్లో అమ్మ, మా ఆవిడ, కాళ్ల దగ్గర తోతాపురి కాయల బుట్ట. బంగారుపాళెం దాటేదాకా బండి నూనె పోసినట్టు పోయింది. ఘాట్ ఎక్కడం మొదలవగానే మూడో గేరులో మిస్సింగ్ వచ్చింది. రెండులో వేస్తే కాస్త లాగి, రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. వెనక కంటైనర్ లారీ హారన్ మోత. ఎలాగో పక్కకు తీసి, చక్రాల వెనక రాళ్లు పెట్టాను. టెన్షన్‌తో చొక్కా తడిసిపోయింది.

ఆ ఎండకు ఎవరైనా చెప్పే మాట వేపర్ లాక్. పెట్రోల్ పైపులోనే ఆవిరై పంపుకు అందకుండా పోవడం. నేనూ అదే అనుకున్నాను. తడి గుడ్డ పంపు మీద కప్పి ఇరవై నిమిషాలు ఆగితే స్టార్ట్ అయింది. సరిగ్గా అర కిలోమీటరు పోయి మళ్లీ ఆగింది. ఈసారి అరగంట చల్లార్చినా అందుకోలేదు. అంతలో మామిడికాయల ట్రాక్టర్ దించి ఖాళీగా వస్తున్న కుర్రాడొకడు ఆగాడు.

"ఏమన్నా, పెట్రోలు ఉండాదా లేదా సూస్తివా?"

"సగం ట్యాంకు ఉంది తమ్ముడూ."

ముందు ట్యాంకు మూత తీశాను. మూతలో గాలి రంధ్రం పూడుకుపోయి ఉంటే తీసినప్పుడు ఉస్సుమని గాలి లోపలికి పోతుంది. ఏ శబ్దమూ రాలేదు. ఆ తర్వాత లివర్ దగ్గరికి పోయాను. నొక్కితే బరువే లేదు, ఊరికే ఊగుతోంది. గుండె జారిపోయింది. డయాఫ్రమ్ చిరిగిందేమో అనుకున్నాను. చాలామంది ఇక్కడే పంపు పోయిందని తేల్చేస్తారు. అసలు సంగతి వేరు. ఇంజిన్ ఆగినప్పుడు క్యామ్ మిట్ట పంపు చేతిని తోసిన చోటే నిలబడితే, డయాఫ్రమ్ అప్పటికే కిందికి దిగి ఉంటుంది. లివర్‌కు లాగడానికి ఏమీ మిగలదు. ఇంజిన్‌ను కొంచెం తిప్పాలి. సెల్ఫ్ ఒక్క క్షణం తగిలించి వదిలాను. మళ్లీ నొక్కితే వేలికి బరువు అందింది. ఆ బరువు తగిలినప్పటి సంతోషం మాటల్లో చెప్పలేను.

కార్బ్యురేటర్ దగ్గర పైపు విప్పి, కొసను నీళ్ల సీసాలో పెట్టి, సీసాను మ్యానిఫోల్డ్‌కు దూరంగా పట్టుకోమని కుర్రాడికిచ్చాను. ముందే అతని చేతిలో బీడీ ఆర్పించాను. లివర్ నొక్కుతుంటే పెట్రోల్ వచ్చింది, కానీ గోలీసోడా కొట్టినట్టు నురగా బుడగలూ. పంపు చెయ్యి పెట్టగలిగేంత చల్లబడింది, అయినా బుడగలు ఆగలేదు. అంటే ఇది ఆవిరి కాదు, ఎక్కడో గాలి పీలుస్తోంది. పంపులోనా, పంపు వెనకా? అది తేల్చడానికి ట్యాంకు నుంచి పంపుకు వచ్చే పైపు తీసేసి, డిక్కీలో ఉన్న ముక్క పైపు తగిలించి, దాని కొసను ఆ సీసాలోని పెట్రోల్‌లోనే ముంచాను. ఈసారి పంపు నుంచి వచ్చేదాన్ని ఇంకో సీసాలోకి పెట్టి నొక్కితే, నాలుగో నొక్కు నుంచి ఒక్క బుడగ లేకుండా నిండు ధారగా వచ్చింది. పంపు బాగుంది. తప్పు వెనక పైపులో.

ఇనుప పైపు నుంచి పంపుకు కలిపే జానెడు రబ్బరు పైపు అది. పైన చూస్తే నిగనిగలాడుతోంది. వంచి చూస్తే క్లిప్పు పక్కన, కింది వైపు, ఎండిన చెరువు అడుగు బీటల్లాగా సన్నటి పగుళ్లు. లోపల వేలు పెడితే జిగురు. తడి మాత్రం ఎక్కడా లేదు. పంపు తర్వాత పైపు చిల్లు పడితే పెట్రోల్ కారుతుంది, వాసన వస్తుంది, కంటికి కనిపిస్తుంది. పంపుకు ముందు పడితే కారదు, గాలి లోపలికి పీలుస్తుంది. సమమైన రోడ్డు మీద తక్కువ పెట్రోల్‌తో పనైపోతుంది కాబట్టి ఆ గాలిని బండి భరించింది. ఘాట్‌లో ముక్కు పైకి లేచి, ట్యాంకు కిందికి పోయి, పెట్రోల్ ఎక్కువ కావాల్సి వచ్చేసరికి బయటపడింది. అమ్మ మామిడికాయలు కోయడానికి తెచ్చిన కత్తితో పగిలిన రెండంగుళాలు కోసేసి, మిగిలిన పైపును లాగి క్లిప్పు బిగించాను. అమ్మకు కోపం వచ్చింది, ఆ కత్తిని మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు. ఆ కుర్రాడు డబ్బులు తీసుకోలేదు. బుట్టలోంచి నాలుగు కాయలు మాత్రం తీసుకున్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు పలమనేరు చేరాం.

ఆ తర్వాత ఎవరు అడిగినా ఈ పంపుంటే వేరే ఏదీ అక్కర్లేదని చెప్పేవాణ్ని. ఇప్పుడా మాట కొంచెం సర్దుకుంటున్నాను.

మొదటి కారణం డయాఫ్రమ్. నాకు బండి వచ్చినప్పుడు వేసింది ఏళ్ల తరబడి నడిచింది. ఘాట్ సంఘటన తర్వాత, ఎందుకైనా మంచిదని కొత్త కిట్ వేయించాను. అది పద్నాలుగు నెలలకే పోయింది. 2023 ఫిబ్రవరి నుంచి కొన్ని బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మొదలైంది. 1984 నాటి రబ్బరు దానికోసం చేసింది కాదు, బజారులో దొరికే కొత్త రబ్బరంతా దానికి తగ్గట్టు చేసిందనీ చెప్పలేం. చిరిగితే ఒక్కోసారి పంపు ఒంటికున్న చిన్న రంధ్రం నుంచి పెట్రోల్ కారి తెలుస్తుంది. నాకు అలా తెలియలేదు. ఇంజిన్ ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, తీస్తే ఆయిల్ పెరిగి ఉంది, పెట్రోల్ వాసన వస్తోంది. పెట్రోల్ నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతోందన్నమాట. అలాగే నడిపి ఉంటే బేరింగులు పోయేవి. ఇప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే డయాఫ్రమ్ వేయించాను, రబ్బరు పైపులన్నీ తీసేసి ఇథనాల్‌కు తట్టుకునే రకం, ఆర్9 అని అచ్చు ఉన్నవి పెట్టాను. నెలకోసారి డిప్‌స్టిక్ వాసన చూడటం అలవాటైంది.

రెండోది, బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ పంపును నేను మాటల్లో మరీ తీసిపారేశాను. 2019లో ఎనిమిది నెలలు వాడాను. స్టార్టింగ్ చాలా బాగుండేది, అది ఒప్పుకోవాలి. కానీ ఈ కార్బ్యురేటర్‌కు 2, 3 పీఎస్ఐ ఒత్తిడి సరిపోతుంది. నాకు అమ్మిన పంపు మీద 4 నుంచి 7 అని ఉంది. ఫ్లోట్ సూది ఆ ఒత్తిడికి ఆగలేక బౌల్ పొంగేది, ట్రాఫిక్‌లో నిలబడితే పెట్రోల్ వాసన. తక్కువ ఒత్తిడి పంపు, ట్యాంకు దగ్గర బిగింపు, ఇంజిన్ ఆగితే పంపూ ఆగేలా ఒక స్విచ్చి, ఇవన్నీ పెట్టించి ఉంటే నా అభిప్రాయం వేరుగా ఉండేదేమో. నేను పెట్టించలేదు. తప్పు పంపుదని ఇన్నాళ్లూ చెప్పుకుంటూ వచ్చాను, అది సరి కాదు.

నాకు మాత్రం పాత పంపే బాగుంది. నేను నెలకు రెండు వందల కిలోమీటర్లు మించి తిప్పను. వారానికోసారి కాణిపాకం, ఎప్పుడైనా తిరుపతి. పంపు విప్పి బిగించే భాయ్ షెడ్డు రెండు వీధుల అవతలే. ఆయనకు అరవై దాటాయి. ఆయన తర్వాత ఈ కిట్ వేసేవాళ్లు చిత్తూరులో ఎవరున్నారో ఇంకా వెతుక్కోవాలి. రోజూ హైవే ఎక్కేవాళ్లకు, కొత్త రబ్బరు దొరకని ఊళ్లో ఉన్నవాళ్లకు ఇదే మేలని చెప్పే ధైర్యం నాకు లేదు.

మా అబ్బాయికి ఎలక్ట్రిక్ పంపే ఇష్టం. బండిని బెంగళూరు తీసుకుపోతానంటున్నాడు. తీసుకుపోయిన రోజు మార్చుకుంటే వద్దనను. ఈ పంపును మాత్రం విప్పి, నూనె గుడ్డలో చుట్టి, డిక్కీలోనే పెట్టమని చెప్పాను.