రావి, మర్రి, మేడి: ఏ పేరు చెట్టును బాగా చూపుతుంది?

రావి, మర్రి, మేడి ఒకే కుటుంబపు చెట్లు. సంస్కృత నిఘంటువు అమరకోశం వీటిలో ఒక్కోదానికి పలు పేర్లు చెబుతుంది. వాటిలో చెట్టును గుర్తుపట్టడానికి ఏ పేరు మేలో చూద్దాం.

రావికి ఎక్కువగా వినిపించే పేరు అశ్వత్థం. భగవద్గీత 15వ అధ్యాయం మొదటి శ్లోకానికి భాష్యం రాస్తూ శంకరాచార్యులు ఆ మాటకు ‘రేపటికైనా నిలవనిది’ అని అర్థం చెప్పారు. ఆ శ్లోకం అశ్వత్థంతో పోల్చే సంసారానికి ఈ అర్థం చక్కగా అతుకుతుంది గాని చెట్టుకు అతకదు, క్రీ.పూ. 3వ శతాబ్దంలో నాటారని చెప్పే శ్రీలంకలోని అనురాధపురం బోధివృక్షం రావిచెట్టే, అది నేటికీ చిగురిస్తోంది. గుర్రాలు నిలిచే చోటు అనే మరో వ్యుత్పత్తి నీడను తలపిస్తుందే తప్ప ఆకునూ కొమ్మనూ చూపదు. అదే అమరకోశంలోని ‘చలదళం’, అంటే కదిలే ఆకులు గలది, చెట్టును కళ్లకు కట్టిస్తుంది. సన్నని పొడవాటి తొడిమకు వేలాడే ఆకు, తోకలా సాగిన దాని కొన, చుట్టుపక్కల చెట్లన్నీ నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా చిరుగాలికే గలగలలాడతాయి. రావికి ఇంతకు మించిన పేరు లేదని నా నమ్మకం.

మర్రి విషయంలో తేల్చడం కష్టం. న్యగ్రోధం అంటే కిందికి పెరిగేది. గాలిలో వేలాడుతున్న ఊడకు ఆ పేరు సరిపోతుంది. ఆ ఊడ నేలకు దిగి, లావెక్కి, కొమ్మకు ఆసరా అయ్యాక ‘బహుపాదం’ అన్న పేరు నిజమవుతుంది. మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రిలో మొదటి బోదె ఏదో పోల్చుకోలేనన్ని కాళ్లున్నాయి, కానీ మనవాళ్లు వాటిని కాళ్లనక పిల్లలన్నారు. తల్లిని మోసే పిల్లలన్న ఆ ఊహ సంస్కృత నామాలు రెండింటికన్నా నిండుగా ఉంది. అయితే ఊడలు దిగని లేత మర్రికి ఈ మూడూ వర్తించవు.

మేడికి ఉన్న ‘జంతుఫలం’ (పురుగులున్న పండ్లు గలది) అన్న పేరు నిజమే చెబుతుంది: పండులోకి దూరిన చిన్న కందిరీగ జాతి పురుగులే లోపలి పూలకు పరాగ సంపర్కం చేస్తాయి. కానీ రావిపండులో, మర్రిపండులో జరిగేదీ అదే కనుక ఈ పేరుతో మేడిని వేరుచేయలేము. మేడికి అసలు గుర్తు బోదెకే గుత్తులుగా కాయడం. ఉదుంబరం, జంతుఫలం, యజ్ఞాంగం, హేమదుగ్ధకం అని అమరకోశం ఇచ్చిన 4 పేర్లలో ఆ సంగతి చెప్పేది ఒక్కటీ లేదు.