సూర్యుడి లెక్కతో శ్రీకాకుళం యాత్ర

ఫొటోల కోసం ఊరెళ్లేవాళ్లు మామూలుగా ముందు హోటల్ బుక్ చేసుకుంటారు, తర్వాత చూడాల్సిన చోట్లు రాసుకుంటారు, సూర్యోదయం ఎన్నింటికో రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో చూస్తారు. మార్చిలో శ్రీకాకుళం వెళ్లేటప్పుడు నేను ఈ వరస తిరగేశాను. సూర్యుడు ఏ దిక్కున లేస్తాడు, ఏ వేళకు ఎంత ఎత్తుకు వస్తాడు అన్నది ముందు చూసుకున్నాను. పొద్దున ఎక్కడికి, సాయంత్రం ఎక్కడికి, రాత్రి బస ఎక్కడ అన్నవి దాన్ని బట్టే తేల్చుకున్నాను. ఈ జిల్లాకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. సూర్యకిరణం ఏ రోజున ఎక్కడ పడుతుందో చూపించే గుడి ఇక్కడే ఉంది.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి గుడి శ్రీకాకుళం ఊరిని ఆనుకునే ఉంటుంది. ఏడో శతాబ్దంలో గాంగరాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెబుతారు. మార్చి 9, 10 తేదీల్లోనూ, మళ్లీ అక్టోబరు మొదటి రెండు మూడు రోజుల్లోనూ ఉదయపు కిరణాలు నేరుగా గర్భాలయంలోకి వెళ్లి స్వామి పాదాలను తాకుతాయి. ఈ తేదీలే ఎందుకు? డిసెంబరు 21న సూర్యుడు దక్షిణం వైపు చివరిదాకా వెళ్లి తిరిగొస్తాడు. ఆ రోజుకు ముందు 80 రోజులు లెక్కపెడితే అక్టోబరు 2, తర్వాత 79 రోజులు లెక్కపెడితే మార్చి 10. అంటే వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి సూర్యుడు దాదాపు ఒకే చోట లేస్తాడు. ఆ చోటు సరిగ్గా తూర్పు కాదు, తూర్పుకు సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా ఉంటుంది.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. దిక్కు ఒకటే అయినా గడియారం ఒకటి కాదు. ఇక్కడ మార్చి 10న సూర్యోదయం సుమారు 6:05కి, అక్టోబరు 2న సుమారు 5:45కి. భూమి కక్ష్య పూర్తి గుండ్రంగా లేకపోవడం, దాని ఇరుసు వాలి ఉండటం వల్ల ఆ ఇరవై నిమిషాల తేడా వస్తుంది. అందుకే సూర్యోదయం టైమ్ ఒక్కటే రాసుకుంటే సరిపోదు, దిక్కు కూడా డిగ్రీల్లో రాసుకోవాలి. రథసప్తమికి ఇక్కడ జనం పోటెత్తుతారు, గదులు దొరకవు. అయితే అప్పటికి సూర్యుడు ఇంకా బాగా దక్షిణంగానే లేస్తుంటాడు కాబట్టి కిరణాలు పాదాలను తాకేది ఆ రోజున కాదు. కిరణ దర్శనం కోసం వెళ్లేవాళ్లు ఈ రెండింటినీ కలిపేసుకోవద్దు. అక్టోబరులో మబ్బు భయం ఎక్కువ, మార్చి నయం. గర్భాలయంలో ఫొటోలు తీయడానికి ఉండదు. ఆ దృశ్యం కళ్లతో చూసి దండం పెట్టుకోవాల్సిందే. కెమెరాకు పని గుడి బయటే.

లెక్కలకు నేను వాడింది సన్‌కాల్క్ వెబ్‌సైట్, ఫొటోపిల్స్ యాప్. మ్యాప్ మీద మనం నిలబడే చోట గుర్తు పెట్టి తేదీ మారిస్తే, సూర్యుడు లేచే గీత, కుంకే గీత కనిపిస్తాయి. శ్రీకాకుళంలో ఆ ఉదయపు గీత జూన్‌లో ఉత్తరం నుంచి 65 డిగ్రీల దగ్గర, డిసెంబరులో 115 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏడాదిలో 50 డిగ్రీల మేర జరుగుతుందన్నమాట. కిందటి వేసవిలో ఎవరో తీసిన ఫొటో చూసి చలికాలంలో అదే చోట నిలబడితే ఆ ఫ్రేమ్ రాదు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. రేఖాంశం తేడా వల్లే ఇక్కడ సూర్యుడు మీకంటే 22 నిమిషాలు ముందు ఉంటాడు. జూన్‌లో అయితే 5:20కే లేచేస్తాడు.

ఇక బస. సూర్యోదయం తర్వాత, సూర్యాస్తమయానికి ముందు ఉండే మెత్తటి బంగారు వెలుతురును గోల్డెన్ అవర్ అని అందరం అంటాం కానీ మన ప్రాంతంలో అది గంట ఉండదు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి సూర్యుడు ఏటవాలుగా కాకుండా దాదాపు నిట్టనిలువుగా పైకి లేస్తాడు. క్షితిజం నుంచి 6 డిగ్రీల ఎత్తుకు రావడానికి ఇక్కడ పట్టేది 25 నిమిషాలే. చేయి చాచి పిడికిలి బిగించి క్షితిజం మీద పెట్టి చూడండి, పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. సూర్యుడు ఆ పిడికిలి దాటడానికి 40 నిమిషాలు చాలు. ఆ తర్వాత వెలుతురు తెల్లబడిపోతుంది. అందుకే విశాఖలో మంచి హోటల్ తీసుకుని పొద్దున్నే బయల్దేరి వద్దామనే ఆలోచనకు నేను ఒప్పుకోను. వంద కిలోమీటర్లకు పైగా దూరం, నిద్ర ఉండదు, దారిలో లారీల వెనక టెన్షన్. శ్రీకాకుళం ఊళ్లోనే ఉండండి. రైల్లో వచ్చేవాళ్లు ఆమదాలవలసలో దిగాలి, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ అదే.

నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు వచ్చాయి. అయితే తెల్లవారుజామున కింద షట్టర్ వేసి ఉంది, తాళం ఉన్న కుర్రాడు మంచి నిద్రలో ఉన్నాడు. అతన్ని లేపి బయటపడేసరికి పావుగంట పోయింది. ఉన్నదే 25 నిమిషాల వెలుతురు అయితే పావుగంట చిన్న విషయం కాదు. గది తీసుకునేటప్పుడు ఏసీ గురించి అడిగే ముందు నాలుగింటికి గేటు ఎవరు తీస్తారో అడగండి. ఆటో కూడా రాత్రే మాట్లాడుకోవాలి. నేను టైమ్ చెప్పగానే ఆటో ఆయన, "నాలుగున్నరకేటి బాబూ, అప్పుడు చేపలోల్లు తప్ప ఎవులూ ఉండరక్కడ" అన్నాడు. అయినా చెప్పిన వేళకు ముందే వచ్చి నిలబడ్డాడు. రానూపోనూ మొత్తం, వెయిటింగ్‌తో సహా, ముందే ఒక మాట అనుకుంటే ఇబ్బంది ఉండదు.

ఆ ఆటోలోనే కళింగపట్నం వెళ్లాను. వంశధార సముద్రంలో కలిసే చోటు ఇది, ఒకప్పటి రేవు. ఇక్కడ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగుతుంది, సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది. కాబట్టి డిసెంబరులో సూర్యుడు సముద్రానికి ఎదురుగా, నీళ్ల మధ్యలోంచి లేస్తాడు. జూన్‌లో బాగా ఎడమకు, తీరం గీతకు దగ్గరగా లేస్తాడు. అప్పుడు తడి ఇసుక, పడవలు, అలల అంచు అన్నీ పక్క వెలుతురులో తేలతాయి. మార్చిలో ఈ రెంటికీ మధ్య. సముద్రం మీద పల్చటి పొగమంచు ఉంటే యాప్ చెప్పిన నిమిషానికి ఏమీ కనబడదు. కాసేపాగి, సూర్యుడు కాస్త పైకి వచ్చాక ఎర్రటి బింబం తేలుతుంది. ఆ పొగమంచు వల్లే బింబాన్ని నేరుగా ఫ్రేమ్‌లో పెట్టినా ఫొటోలో వివరాలు తెల్లగా మాసిపోలేదు.

కళింగపట్నం లైట్‌హౌస్ తల మీద సూర్యుణ్ని కూర్చోబెట్టాలంటే చిన్న లెక్క ఉంది. సూర్యుడు 6 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు తీయాలనుకుంటే, స్తంభం ఎత్తుకు పదింతల కంటే కొంచెం తక్కువ దూరంలో, సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున నిలబడాలి. అంటే ఊరి వైపు నుంచి తీయాలి. లేచినప్పటి నుంచి ఆ ఎత్తుకు వచ్చేలోగా సూర్యుడు కుడికి 2 డిగ్రీలు జరుగుతాడు, ఆ మేరకు మనమూ ఎడమకు జరగాలి. ఫోన్ దిక్సూచి పనికొస్తుంది కానీ ఆటోకు, ఇనుప గేటుకు దూరంగా నిలబడి చూడాలి.

అక్కడి నుంచి దగ్గరే శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ, దాని మీద ఇటుకల బౌద్ధ స్తూపాలు, చైత్యాలు. 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు. ఈ కొండకు తొందరపడక్కర్లేదు. స్తూపాల మీదుగా నదిని తీయాలంటే ఉత్తరానికి తిరగాలి. చలికాలమంతా సూర్యుడు దక్షిణపు ఆకాశంలోనే ఉంటాడు కాబట్టి వెలుతురు మన వెనక నుంచి పడుతుంది, నది నీలంగా, ఇటుక ఎర్రగా వస్తాయి. మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు, అప్పుడు లెక్క తారుమారు. ఎండకు నీడ తక్కువ, నీళ్లు మోసుకెళ్లండి. కొండ మీద కొనుక్కుందామని కూర్చోవద్దు.

సాయంత్రం శ్రీకూర్మానికి వదిలేయాలి. ఇక్కడ కూర్మనాథస్వామి పడమటికి తిరిగి ఉంటాడు, ధ్వజస్తంభాలు తూర్పున ఒకటి, పడమట ఒకటి. మార్చిలో సూర్యుడు దాదాపు నేరుగా పడమటే కుంకుతాడు, ఆ వెలుతురు గుడి ముఖం మీద సమంగా పడుతుంది. రంగులు బాగా వస్తాయి, చెక్కడాల్లో లోతు మాత్రం కనబడదు. డిసెంబరులో 25 డిగ్రీలు దక్షిణంగా దిగుతాడు కాబట్టి నీడ పక్కకు పడి ప్రతి గీతా లేచి కనిపిస్తుంది. శిల్పం కోసం వెళ్లేవాళ్లు డిసెంబరు ఎంచుకోండి, అప్పుడు ఐదున్నరకు ముందే సూర్యాస్తమయం. నాలుగింటికల్లా గుడి దగ్గర ఉంటే, లోపల ఎక్కడెక్కడ ఫొటో తీయనిస్తారో అడిగి తెలుసుకుని, దర్శనం చేసుకుని, వెలుతురు వాలే వేళకు పడమటి ధ్వజస్తంభం దగ్గరికి చేరుకోవచ్చు.