పాత మండువా టేకుతో చేసిన అద్దాల పేటిక: సర్వీసు పిస్తోళ్ల సేకరణకు ఎంతవరకు పనికొస్తుంది?

పాలకొల్లులో పాత కలపతో పని చేసే ఒక వడ్రంగి కార్ఖానాలో, నా సైనిక పిస్తోళ్ల సామగ్రి కోసం నిరుటి వేసవిలో ఒక అద్దాల పేటిక చేయించుకున్నాను. నరసాపురం వంటి ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఏ పేటిక నిగ్గయినా వానాకాలపు తేమలోనే తేలుతుంది కాబట్టి, ఆ నెలలు గడిచేదాకా ఆగి ఈ సమీక్ష రాస్తున్నాను. వడ్రంగి పనికి వంక పెట్టడానికి లేదు. లోపలి అమరిక విషయంలో మాత్రం చేయించుకునేవారు ముందే పట్టుబట్టాలి.

మన దేశంలో సర్వీసు పిస్తోళ్లను వరుసగా కొని పెట్టుకోవడం కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సుదారుకు సాధారణంగా రెండు ఆయుధాలకు మించి అనుమతి లేదు, పైగా .455, .38, 9 ఎం.ఎం. వంటి సైనిక బోర్లు (గొట్టం లోపలి వ్యాసపు కొలతలు) నిషిద్ధ వర్గంలోకి వస్తాయి. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధాలకు మాత్రం ఆ చట్టంలోని 45వ సెక్షను మినహాయింపు ఇచ్చింది. కనుక నా దగ్గర ఉన్న తుపాకి ఒక్కటే, 1915లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన వెబ్లీ మార్క్ 6 రివాల్వరు, అదీ ఎన్నడో పూర్తిగా పనికిరాకుండా పోయినది. మిగిలినదంతా పిస్తోళ్ల పరివారం: పిస్తోలును పెట్టుకునే 1937 నమూనా కాన్వాసు హోల్‌స్టరు, పిడి కడియానికి తగిలించే మెడతాళ్లు, గొట్టం శుభ్రం చేసే కడ్డీలు, అదనపు మ్యాగజైనుకూ (తూటాల గూడు) పిస్తోలును విప్పే పనిముట్టుకూ వేరువేరు అరలున్న, లూగర్ అనే జర్మన్ పిస్తోలు తోలు హోల్‌స్టరు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలా తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊళ్లున్న ప్రాంతం మనది. ఇటువంటి వస్తువులు ఇంకా అటకల మీది ట్రంకుపెట్టెల్లో ఉండే అవకాశం ఉంది.

పేటికకు వాడినది కూల్చిన మండువా లోగిలి దూలాల నుంచి కోసిన టేకు. దశాబ్దాల పాటు ఆరిన కలప కావడంతో వానల్లో తలుపు బిగుసుకుపోలేదు, మూలల్లో సందు పడలేదు. మేకు కనిపించకుండా మూలలను పళ్లు కోసి ఒకదానిలో ఒకటి దిగేలా బిగించారు. ఇత్తడి మడతబందులు బరువుగా, నిదానంగా కదులుతాయి. కొత్త ప్లైవుడ్డు, కలప పొడిని అదిమి చేసే ఎండీఎఫ్ పలకల జిగురు నుంచి వెలువడే ఆవిరులు లోహాన్ని తినేస్తాయన్న సంగతి తెలిసినవారు పాత టేకుకు ఎక్కువ ధర పెట్టడానికి వెనుకాడరు.

చిక్కంతా లోపల పరిచిన ఎర్ర మఖమలుతో వచ్చింది. నగల పెట్టెకు అది అందమే. ఇనుప వస్తువు కింద మాత్రం అది తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, దాని రంగు కాన్వాసుకు అంటుతుంది, అతికించిన రబ్బరు జిగురు వాసన తలుపు తెరిచినప్పుడల్లా ముక్కుకు తగులుతుంది. దాన్ని పీకించి, గంజి పోయేలా ఉతికిన తెల్లని నూలు గుడ్డను జిగురు లేకుండా పరిపించాను. కార్ఖానావారు అదనపు రుసుము అడగకపోవడం మెచ్చుకోదగినది; అయితే ఏమి పెట్టబోతున్నామో ముందే చెప్పినా వినకుండా మఖమలు వేయడం మెచ్చుకోదగినది కాదు.

రెండో లోపం అరల విభజన. రివాల్వరు తోలు హోల్‌స్టరులో ఉన్నట్టే పెట్టాలన్నట్టుగా ఒకే పెద్ద అర చేశారు. చూడ్డానికి అలా బాగుంటుంది కాని, తోలు శుద్ధిలో మిగిలిన ఆమ్లాలూ లవణాలూ తేమతో కలిసి ఉక్కుపై గుంటలు పడేలా తుప్పు పట్టిస్తాయి, ఇత్తడి గుండీల చుట్టూ తోలులోని కొవ్వుతో పచ్చని చిలుము పేరుకుంటుంది. అందువల్ల తోలును, లోహాన్ని విడదీసే అడ్డుపలక తప్పనిసరి. తోలు చేతికి ఒక కళ ఉంటుంది గనుక, నాబోటివారికి ఈ విడాకులు కొంచెం కష్టంగానే ఉంటాయి.

అద్దానికీ చట్రానికీ మధ్య వేసిన రబ్బరు పట్టీ బాగా పని చేసింది. గదిలో తేమ 80 శాతం దాటిన రోజుల్లో కూడా, తేమను పీల్చే సిలికా జెల్ సంచులు మారుస్తూ ఉంటే, పేటికలోని తేమ మీటరు 55 దగ్గర ఆగింది. తోలు, లోహం కలిసి ఉన్నచోట 45 నుంచి 55 శాతం అనుకూలం. ఇంకా ఆరబెడితే తోలు బిరుసెక్కి పగులుతుంది. సంచులు పెట్టడానికి అడుగున చిల్లుల సొరుగు అమర్చమని కోరండి, లేకుంటే వస్తువుల మధ్యే అవి కనిపిస్తూ ఉంటాయి.

కొలతలు మీరే ఇవ్వండి. వెబ్లీ మార్క్ 6 పొడవు సుమారు 29 సెంటీమీటర్లు, లూగర్ 22. మౌజర్ సి96 అనే జర్మన్ పిస్తోలు మాత్రం 31 దాకా వస్తుంది, భుజానికి ఆనించి కాల్చే కట్టెగానూ పనికివచ్చే దాని చెక్క హోల్‌స్టరు అంతకంటే పొడవు. 1914 ఆగస్టులో కలకత్తాలో తుపాకుల వ్యాపారం చేసే రోడా కంపెనీ సరుకు నుంచి విప్లవకారులు తరలించుకుపోయిన 50 పిస్తోళ్లు ఈ మౌజర్లే కావడం వల్ల, అటువంటి చెక్క హోల్‌స్టరు ఒక్కటి సంపాదించాలన్న కోరిక మనవారిలో చాలామందికి ఉంటుంది. ఆ ఆశ ఉన్నవారు లోపలి పొడవు కనీసం 45 సెంటీమీటర్లు చెప్పాలి.

లైసెన్సుతో పని చేసే ఆయుధం ఇంట్లో ఉన్నవారు దాన్ని మాత్రం ఇందులో పెట్టకూడదు. దీని తాళం బీరువా సొరుగు తాళమంతటిదే, పైగా ముందున్నది మామూలు అద్దం. అటువంటి ఆయుధానికి గోడకు బిగించిన ఉక్కు పెట్టె కావాలి, తూటాలకు వేరే తాళం కావాలి. ఆ పని ఈ కార్ఖానాది కాదు, వారు కూడా చేస్తామని చెప్పలేదు.