ఇల్లు కొనడానికి నాన్నగారిచ్చే డబ్బు: చేతికా, ఖాతాకా, అప్పుగా ప్రోనోటు మీదా? ఏది మేలు?

మా కోనసీమలో ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా ఇదే లెక్క నడుస్తోందండి. పిల్లలు కాకినాడలోనో రాజమండ్రిలోనో ఫ్లాటు చూసుకుంటారు, బ్యాంకు లోను కొంత వస్తుంది, మిగతాది నాన్నగారు పొలం అమ్మో, దాచిన కొబ్బరి డబ్బులు తీసో, అమ్మ బంగారం కరిగించో సర్దుతారు. 60 లక్షల ఫ్లాటే తీసుకోండి. 30 నుంచి 75 లక్షల మధ్య లోనుకి ఇంటి విలువలో 80 శాతం దాటకూడదని ఆర్‌బీఐ నిబంధన, అంటే 48 లక్షలు లోను పోను 12 లక్షలు మనం చూపించాలి, పైన మన ఏపీలో స్టాంపు డ్యూటీ రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం, అదో నాలుగున్నర లక్షలు. పదహారున్నర లక్షలు ఎక్కడివి అని బ్యాంకు అడుగుతుంది, రేపెప్పుడైనా ఐటీ (ఆదాయపు పన్ను శాఖ) వాళ్ళూ అడగొచ్చు.

అందరూ భయపడేది పన్ను పడుతుందేమో అని. అమ్మానాన్నలు ఇచ్చిందానికి మీకు రూపాయి పన్ను లేదు, ఎంతైనా సరే. కానీ మనం చుట్టం అనుకునే ప్రతివాళ్ళూ చట్టం దృష్టిలో చుట్టం కాదు, ఇక్కడ జాగ్రత్త. బాబాయి, పెదనాన్న, మేనమామ, మేనత్త, పిన్ని, బావమరిది, ఆఖరికి తోడల్లుడు ఇచ్చినా పన్ను లేదు. బాబాయి కొడుకు ఇస్తే మాత్రం ఏడాదిలో 50 వేలు దాటితే మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. మేనమామ మేనల్లుడికి ఇవ్వొచ్చు, అదే మేనల్లుడు మేనమామకి ఇస్తే పన్ను. మీ ఆవిడ మేనమామ మీకిస్తే లెక్కలోకి రాడు, ఆయన ఆవిడకే ఇచ్చి ఆవిడ మీకిస్తే రెండూ సరిపోతాయి. ఇక మావగారు కోడలి పేరున ఇస్తే పన్ను లేదు గానీ, ఆ డబ్బుతో కొన్న ఇల్లు అద్దెకిస్తే ఆ అద్దె మావగారి ఆదాయంలో కలుపుతారు కాబట్టి కొడుక్కే ఇవ్వడం నయం.

సరే, ఇప్పుడు ఎలా తీసుకోవాలి. నోట్ల కట్టలు చేతికి తీసుకోవడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, వద్దు. 2017 ఏప్రిల్ నుంచి ఒక మనిషి దగ్గర ఒక రోజులోగానీ ఒక సందర్భంలోగానీ 2 లక్షలు, అంతకు మించి క్యాష్ తీసుకోకూడదు, తీసుకుంటే తీసుకున్నవాళ్ళ మీద అంత మొత్తమూ పెనాల్టీ. కన్నతండ్రి అయినా మినహాయింపు లేదు. ఇవాళ లక్షా తొంభై, ఎల్లుండి లక్షా తొంభై అని ముక్కలు చేసినా ఇల్లు కొనడం అనే ఒకే సందర్భం కింద పట్టుకోవచ్చు. పోనీ నాన్నగారే తన ఖాతాలో క్యాష్ వేసుకుని పంపుతారా అంటే, సేవింగ్స్‌లో ఏడాదికి 10 లక్షలు తాకితే బ్యాంకు ఐటీకి రిపోర్టు చేస్తుంది, అప్పుడు ప్రశ్న ఆయన్ని అడుగుతారు.

ఖాతా నుంచి ఖాతాకి, దాంతోపాటు గిఫ్ట్ లెటర్, ఎక్కువమందికి ఇదే మేలు అని నా గట్టి అభిప్రాయం. డబ్బు బహుమతికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇల్లూ పొలమూ గిఫ్టుగా రాస్తేనే రిజిస్టర్ చేయించాలి. స్టాంపు కాగితం మీద ఇద్దరి పేర్లు, పాన్ నంబర్లు, బంధుత్వం, మొత్తం, తేదీ, ట్రాన్స్‌ఫర్ యూటీఆర్ నంబరు (ఆ బదిలీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు), ఆయనకి ఆ డబ్బు ఎలా వచ్చిందో ఒక్క వాక్యం, తిరిగి ఇవ్వక్కర్లేదు అన్న మాట, మీరు స్వీకరించినట్టు మీ సంతకం, ఇద్దరు సాక్షులు, అంతే. తిరిగి ఇవ్వక్కర్లేదు అన్న ముక్క లేకపోతే బ్యాంకు దాన్ని అప్పు అనుకోవచ్చు.

అయితే ఈ కాగితం నాన్నగారు ఇచ్చారని చెప్తుందే గానీ, నాన్నగారికి ఎక్కడిదో రుజువు చెయ్యదు. చిక్కంతా అక్కడే ఉంది. ధాన్యం రైతు సేవా కేంద్రం ద్వారా అమ్మితే సొమ్ము ఖాతాలోనే పడుతుంది కాబట్టి సార్వా దాళ్వా రెండు పంటలూ పాస్‌బుక్కులో కనపడతాయి. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు, 1బీ, అడంగల్ (భూమి ఎవరిదో, ఏం పండుతోందో చెప్పే రెవెన్యూ రికార్డులు), ఈ-క్రాప్ పంట నమోదు జత చేస్తే గట్టిగా నిలబడుతుంది. కొబ్బరి దగ్గరే ఇబ్బంది, దింపు (కాయ కోత) అయ్యాక కాయలు లెక్కపెట్టి అంబాజీపేట వ్యాపారి గుమ్మంలోనే డబ్బు ఇచ్చి వెళ్ళిపోతాడు, చీటీ ఎవరూ అడగరు. ఇకనుంచి అయినా చీటీ అడగండి, వీలైతే ఫోన్‌పేలో వేయించుకోండి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వాళ్ళకి ఇంకో మాట, రొయ్యల చెరువు మీద వచ్చింది వ్యవసాయ ఆదాయం కాదు, దానికి రిటర్నులు వేసి ఉండాలి, "మాది పొలం డబ్బే" అంటే చెల్లదు.

పొలం అమ్మి ఇచ్చేవాళ్ళ సంగతి మరీ ముఖ్యం. ఎకరం 60 లక్షలకి బేరం తెగుతుంది, దస్తావేజులో 20 లక్షలే రాస్తారు, మిగతా 40 సంచిలో వస్తుంది. కొడుకు ఫ్లాటుకి ఆ 20 లక్షలకే ఆధారం ఉంటుంది, మిగతాది చూపించలేని డబ్బు అయిపోతుంది. పైగా స్థిరాస్తి తాలూకు డబ్బు 20 వేలు, ఆపైన క్యాష్‌గా తీసుకోవడమే తప్పు, ఇచ్చేవాళ్ళకీ తీసుకునేవాళ్ళకీ వ్యవసాయ ఆదాయం ఉండి, పన్ను పడే ఆదాయం ఇద్దరికీ లేకపోతే తప్ప. బాధేంటంటే పల్లెలో వ్యవసాయ భూమి అమ్మితే మన నాన్నగారికి పన్నే లేదు! మునిసిపాలిటీ హద్దు నుంచి తిన్నగా గీత గీస్తే అమలాపురం లాంటి చిన్న ఊరికి 2 కిలోమీటర్లు, భీమవరం, రాజమండ్రి, కాకినాడ లాంటి వాటికి 6 కిలోమీటర్లు దాటి ఉంటే చాలు. తక్కువ రాయించడం వల్ల లాభం కొనేవాడి స్టాంపు డ్యూటీకే, నష్టం మనకి. ఆ 40 లక్షల మీద ఏడున్నర శాతం అంటే 3 లక్షలు, కొనేవాడు ఒప్పుకోకపోతే ఆ 3 లక్షలు బేరంలో తగ్గించి అయినా పూర్తి ధర రాయించి మొత్తం ఖాతాలో వేయించుకోండి. మిగతా 37 లక్షలు కళ్ళు మూసుకుని కొడుక్కి పంపొచ్చు.

అమ్మ కాసులపేరు ఇస్తే దాన్ని మీరు అమ్మే బదులు ఆవిడే షాపులో అమ్మి, బిల్లు తీసుకుని, డబ్బు తన ఖాతాలో వేయించుకుని మీకు పంపడం శుభ్రం. లాభం మీద పన్ను లెక్క ఆవిడ పేరున పోతుంది. పెళ్ళైన ఆడవాళ్ళకి 500 గ్రాముల దాకా ఏమీ అడగరు అని చెప్పుకుంటారు చూశారా, అది సోదాల్లో బంగారం పట్టుకెళ్ళకూడదని అధికారులకి ఇచ్చిన సూచన, అమ్మిన డబ్బుకి రుజువు కాదు.

ప్రోనోటు ఎప్పుడు మేలంటే, ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుండి ఒక్కరికే ఇస్తున్నప్పుడు, లేదా ఆ డబ్బు నాన్నగారి వైద్యానికో చెల్లి పెళ్ళికో మళ్ళీ కావాల్సి వచ్చినప్పుడు. ఇదీ 20 వేల నుంచి ఖాతాలోనే తీసుకోవాలి, తిరిగి కట్టేదీ ఖాతాలోనే, మూడేళ్ళకి కాలదోషం పడుతుంది కాబట్టి మధ్యలో కొంత కట్టి నోటు మీద రాయించుకోవాలి. లోనుకి మాత్రం ఇది అడ్డం, మార్జిన్ (లోను పోను మనం పెట్టే వాటా) కూడా అప్పే అంటే మీ జీతంలో ఇంకో కిస్తీ ఉన్నట్టు బ్యాంకు లెక్కేస్తుంది. అలాగని లోపల అప్పు పెట్టుకుని బ్యాంకుకి గిఫ్ట్ అని లెటరు ఇవ్వకండి, తర్వాత తమ్ముడు అడిగితే ఆ లెటరే మీ నాన్నగారికి ఎదురు తిరుగుతుంది.

పెద్దాయన ఉన్నదంతా పెట్టేస్తున్నారనుకోండి, గిఫ్టూ వద్దు అప్పూ వద్దు, ఆయన డబ్బు ఆయన ఖాతా నుంచే నేరుగా అమ్మేవాళ్ళకి పంపించి దస్తావేజులో ఆయన పేరు కూడా కలపండి, ఎవరు ఎంత కట్టారో వాటాతో సహా రాయించండి. బ్యాంకు ఆయన్నీ సంతకానికి రమ్మంటుంది, రెండు పూటలు తిరగాలి, తిరగండి. రాజమండ్రిలో మూడో అంతస్తు ఫ్లాటులో ఆయన పేరుంటే, పొలం లేని ఆ మనిషికి ఆ ఇంట్లో గది కూడా హక్కుగానే ఉంటుంది.